ఫొటో దిగడం

నా కెమెరా సంచి లోపలి అరలో పోస్టుకార్డంత ఫొటో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నలుపు తెలుపు ఫొటో. అందులో ఉన్నది నేనే. వీపు ఆనించుకోవడానికి ఏమీ లేని ఎత్తు పీట మీద కూర్చున్నాను. ఒళ్ళో రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. పెదాలు నవ్వుతున్నాయి, కళ్ళు మాత్రం తలుపు వైపు వెళ్ళిపోయాయి. ఎవరి ముందైనా కెమెరా ఎత్తబోయేటప్పుడు ఆ ఫొటోను ఒకసారి తలుచుకుంటాను. మనిషి ముఖాన్ని ఫొటో తీయడంలో నాకు దక్కిన మొదటి పాఠం అది. ఒక్క ముఖమూ తెలియని కలకత్తాలో దక్కింది.

మాది విజయనగరం. బ్యాంకు ఉద్యోగంలో బదిలీ మీద కలకత్తా వెళ్ళేనాటికి నాకు బెంగాలీ రాదు, హిందీ అంతంతమాత్రం. ఆరు రోజులు కౌంటరు వెనక కూర్చుని సంతకాలు సరిచూసేదాన్ని. పాస్‌బుక్కు మీద అతికించిన ఫొటోనీ ఎదురుగా నిలబడ్డ మనిషినీ పోల్చి చూడటం కూడా నా పనిలో భాగమే. ఎన్ని ముఖాలు చూసినా సాయంత్రానికి ఒక్కటీ గుర్తుండేది కాదు. ఆ వెలితి తీర్చుకోవడానికే ఏడో రోజు కెమెరా భుజాన వేసుకుని వీధుల్లో పడేదాన్ని. మా ఇంటి యజమానురాలిని మాషీ అని పిలిచేదాన్ని. ఆవిడ నాకు ఒకే ఒక్క వాక్యం నేర్పింది: "ఎక్టా ఛొబి తుల్‌బో?" ఒక ఫొటో తీసుకోనా అని. బెంగాలీలో ఫొటోను 'తోలుతారు'. తోలా అంటే ఎత్తడం. చెట్టు నుంచి పువ్వు కోయడానికీ అదే మాట. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఊరంతా తిరిగాను.

ఎక్కువగా వెళ్ళింది మల్లిక్ ఘాట్ పూల బజారుకి. హౌరా వంతెన దిగువన, కలకత్తా వైపు ఒడ్డున ఉంటుంది. 1943లో రాకపోకలు మొదలైన ఆ ఉక్కు వంతెన నీడలో తెల్లవారకముందే బజారు నిండిపోతుంది. బంతిపూల దండల్ని మోకుల్లా చుట్టలు చుట్టి నెత్తికెత్తుకుని కూలీలు పరుగుమీద వస్తుంటారు. దారివ్వమని వాళ్ళు వేసే కేక తప్ప నాకు అక్కడ ఏ మాటా అర్థమయ్యేది కాదు. వంతెన ఎక్కే మెట్ల మీద నిలబడి, పొడుగాటి 200 ఎం.ఎం. లెన్సుతో ఒక్కొక్క ముఖాన్నీ దగ్గరికి లాక్కునేదాన్ని. పసుపు పచ్చటి పూల మధ్య చెమట పట్టిన చామనచాయ ముఖాలు. తెర మీద చూసుకుంటే ఒకదాన్ని మించి ఒకటి బాగుండేవి. ఒక్క ఆదివారంలో మూడు వందలు తీసిన రోజులున్నాయి.

ఆ ఫొటోలు అచ్చు వేయించుకుందామని వెతుక్కుంటూ వెళ్తే చిత్‌పూర్ రోడ్డులో ఒక పాత స్టూడియో కనబడింది. జాత్రా నాటకాల కంపెనీల బోర్డులు వరసగా వేలాడే వీధి అది. స్టూడియో నడిపే పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఆయన వ్యాపారమంతా పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్ళి చూపులకు పంపే ఫొటోలు. గోడకు పాతకాలపు పరదా ఒకటి ఇంకా వేలాడుతూనే ఉంది, దాని మీద రంగులతో వేసిన చెరువూ మెట్లూ. అందరూ మాస్టర్‌మొశాయ్, అంటే మాస్టారుగారు, అంటుంటే నేనూ అలాగే పిలిచాను. నా ప్రింట్లు ఒక్కొక్కటే తిప్పి చూసి, బాగున్నాయనీ అనలేదు, బాగాలేవనీ అనలేదు. "నీ ఫొటో ఎప్పుడైనా ఎవరైనా తీశారా?" అని హిందీలో అడిగారు. పెళ్ళిళ్ళలో తీశారన్నాను. పీట చూపించి కూర్చోమన్నారు.

దీపాలు సర్దడానికే పావుగంట పట్టింది. ఆ పావుగంటా నాకు ఎన్నాళ్ళుగానో ఉన్న చేతులు కొత్తగా మొలిచినట్టు అనిపించాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గొంతు తడారింది. నా ముక్కు గురించి, చిన్నప్పుడు ఎవరో ఏదో అన్న నా పళ్ళ గురించి ఆలోచనలు వచ్చాయి. లెన్సు గాజులో నా నీడ చిన్నగా కనిపిస్తోంది. ఆయన తొందరపెట్టలేదు, నవ్వమనలేదు. క్లిక్‌మన్నప్పుడు మాత్రం, అడక్కుండానే నవ్వాను. ఎదుటివాళ్ళ కష్టం వృథా కాకూడదని నవ్వే నవ్వు అది. వారం తర్వాత ప్రింటు చేతిలో పెట్టి, "నువ్వు ఎవరి దగ్గరికి వెళ్ళినా వాళ్ళకు జరిగేది ఇదే" అన్నారు. నా సంచిలో ఉన్నది ఆ ప్రింటే.

ఆ తర్వాత ఆయన నాకు నేర్పిన విద్యలో సగం దూరానికి సంబంధించింది. మనిషి భుజాల వరకూ ఫొటో నిండుగా రావాలంటే 50 ఎం.ఎం. లెన్సుతో సుమారు మీటరు దూరానికి వెళ్ళాలి. అదే ఫొటో 200 ఎం.ఎం. లెన్సుతో నాలుగు మీటర్ల దూరం నుంచి తీయవచ్చు. కొలతకు మూడు మీటర్ల తేడా. మీటరు దూరంలో అవతలి మనిషి ఊపిరి వినబడుతుంది, వాళ్ళకు మన ఊపిరీ వినబడుతుంది. నాలుగు మీటర్ల నుంచి మనం వాళ్ళను చూస్తాం, మీటరు దూరంలో వాళ్ళూ మనల్ని చూస్తారు. పొడుగు లెన్సు ఇంట్లో పెట్టేసి రమ్మన్నారు మాస్టర్‌మొశాయ్. మల్లిక్ ఘాట్ మెట్లు దిగి, పూల బురదలో మోకాళ్ళ మీద కూర్చోవాల్సి వచ్చింది.

మిగతా సగం వెలుతురుకు సంబంధించింది. కెమెరాలోని మీటరుకు మనిషి తెలియదు. ఎదురుగా ఉన్నదంతా నూటికి 18 పాళ్ళ వెలుగును తిప్పి పంపే మధ్యరకం బూడిదరంగే అనుకుని లెక్క కడుతుంది. నల్లటి మనిషి వెనక తెల్లటి సున్నపు గోడో, నదీ, ఆకాశమో ఉంటే మీటరు ఆ తెలుపును చూసి బెదిరి వెలుతురు తగ్గించేస్తుంది, ముఖం మసి అయిపోతుంది. మన ముఖాలను తీసేటప్పుడు మీటరు మాట పక్కన పెట్టి, చెంప మీద పడే వెలుతురును కొలుచుకోవాలి. ఎండలోంచి మనిషిని పందిరి అంచుకు, నీడ మొదలయ్యే చోటుకు తీసుకురావాలి. అక్కడ ఒక పక్కనుంచి వచ్చే మెత్తటి వెలుతురులో చామనచాయ ఒళ్ళు ఇత్తడిలా పలుకుతుంది, కళ్ళల్లో చిన్న మెరుపు నిలుస్తుంది. అలా నీడలోకి రమ్మని పిలవాలన్నా మళ్ళీ మాట్లాడాల్సిందే. దొంగచాటుగా తీసినవాళ్ళకు ఆ వెలుతురు దొరకదు.

దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాక నాకు ఎదురైన అడ్డంకికి తెలుగులో చక్కటి మాట ఉంది. మొహమాటం. ఆ మాటలోనే మొహం ఉంది. ఇంకొకరి మొహం ఎదురుగా ఉన్నందుకు మన మాటకు పడే బంధం అది. భోజనాల దగ్గర వద్దనలేక ఇంకో గరిటె వేయించుకునేది, అప్పడిగినవాడికి లేదనలేక ఇచ్చేసేది దానివల్లే. మొదట్లో నా మొహమాటమే నాకు శత్రువనుకున్నాను. "ఎక్టా ఛొబి తుల్‌బో?" అన్న మూడు ముక్కలు గొంతులో అడ్డం పడేవి. అది వదిలించుకుంటే ఫొటోగ్రాఫరునైపోతానని నమ్మాను. కొన్ని నెలలకు వదిలింది కూడా. ఎవరినైనా అడిగేయగలుగుతున్నాను, దాదాపు అందరూ సరేనంటున్నారు. నిమ్మళంగా, వరసగా తీసుకుంటూ పోయాను.

ఒక ఆదివారం మాస్టర్‌మొశాయ్ నా కొత్త ప్రింట్లను బల్ల మీద రెండు కట్టలుగా వేరు చేశారు. మాట్లాడకుండా, పేకముక్కలు పంచినంత వేగంగా. ఒక కట్ట జానెడు ఎత్తు లేచింది. రెండోదాంట్లో పట్టుమని పదిహేను కూడా లేవు. "తేడా ఏమిటో చెప్పు" అన్నారు. వెలుతురా? అడ్డంగా తల ఊపారు. నవ్వా? కాదు. రెండు కట్టల్లోనూ నవ్వే ముఖాలున్నాయి, నవ్వనివీ ఉన్నాయి. రెండింట్లోనూ లెన్సులోకి సూటిగా చూసినవాళ్ళున్నారు. పెద్ద కట్టను ఇంటికి తెచ్చుకుని రాత్రంతా చూశాను. తెల్లవారుజామున, సంచిలోంచి నా ఫొటో తీసి వాటి మధ్య పెట్టినప్పుడు కొంత తెలిసింది. వాళ్ళందరి నవ్వూ నా నవ్వే. సరేనన్నది ఫొటో కావాలని కాదు. ఎక్కడినుంచో వచ్చిన ఆడపిల్ల అడిగింది, కాదంటే చిన్నబుచ్చుకుంటుందని. నేను నా మొహమాటాన్ని వదిలించుకుని, వాళ్ళ మొహమాటాన్ని వాడుకుంటున్నాను. ఆ కట్టకు కారణం దొరికింది. చిన్న కట్టలో ఉన్నదేమిటో మాత్రం తెలియలేదు, దానికి పేరూ దొరకలేదు.

వానాకాలం గడిచాక కుమార్‌టులి వెళ్ళడం మొదలుపెట్టాను. శోభాబజార్ మెట్రో దిగి నది వైపు నడిస్తే, దుర్గమ్మ బొమ్మలు చేసేవాళ్ళ పేట అది. ముందు వెదురుతో చట్రం కడతారు, దాని మీద ఎండుగడ్డిని తాళ్ళతో బిగించి ఒడ్డూ పొడుగూ తెస్తారు, ఆ పైన గంగ మట్టి మెత్తుతారు. ఇరుకు సందుల్లో తల లేని అమ్మవార్లు, రంగు వేయని సింహాలు, వరసగా ఆరబెట్టిన చేతులు. పండుగ దగ్గరపడే కొద్దీ పనివాళ్ళతో సమానంగా కెమెరాలు చేరతాయి. ఒక కొట్టులో నడివయసు పనివాడు ఒకాయన వేళ్ళతో అమ్మవారి చుబుకం దిద్దుతున్నాడు. అడిగాను. తల తిప్పకుండానే వద్దన్నాడు. పెద్ద కట్ట నేర్పిన పాఠం ఉంది కాబట్టి కెమెరా సంచిలో పెట్టేసి గుమ్మం పక్కన కూర్చున్నాను. ఆయన వెళ్ళమనలేదు.

అలా నాలుగు ఆదివారాలు. మట్టి కప్పుల్లో టీ తెప్పించుకుంటే ఒకసారి నేను డబ్బులిచ్చాను, ఇంకోసారి ఆయన ఇచ్చాడు. నా నోటికి వచ్చిన బెంగాలీ ముక్కలను సరిదిద్దేవాడు. బొమ్మ అంతా పూర్తయ్యాక కళ్ళు చివర దిద్దుతారని, దాన్ని చక్షుదాన్ అంటారని, మహాలయ అమావాస్యనాడు చేయడం ఆచారమని ఆయన దగ్గరే విన్నాను. కళ్ళు పడేదాకా అది మట్టి. పడ్డాక ఆవిడ మనల్ని చూస్తుంది. నాలుగో ఆదివారం సాయంత్రం ఆయనే చేతులు కడుక్కుని, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, కళ్ళు లేని అమ్మవారి పక్కకు వచ్చి నిలబడ్డాడు. "ఎబార్ తోలో" అన్నాడు. ఇప్పుడు తియ్యి అని. రెండే రెండు ఫొటోలు తీశాను. చూడగానే మాస్టర్‌మొశాయ్ ఆ రెంటినీ చిన్న కట్టలో వేశారు. మా ఇద్దరికీ ఆ కట్ట ఏమిటో తెలుసు, పేరు మాత్రం ఇంకా లేదు.

ఆ రోజుల్లో ఆయన దగ్గరున్న పాత పుస్తకాలు తిరగేసేదాన్ని. ప్రపంచమంతా ఎరిగిన ఒక ముఖం నన్ను చాలా రోజులు వెంటాడింది. 1936 మార్చిలో, కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కోతకు వచ్చిన కూలీల శిబిరంలో డొరోతియా లాంగ్ తీసిన తల్లి ఫొటో. ముప్పై రెండేళ్ళ మనిషి, చేయి చెంపకు ఆనించుకుని దూరంగా చూస్తుంటుంది, ఇద్దరు పిల్లలు ఆమె భుజాల్లో ముఖాలు దాచుకుని ఉంటారు. ఆ ఫొటోలు పత్రికకెక్కాక ప్రభుత్వం ఆ శిబిరానికి ఆహారం పంపింది. అప్పటికే ఆ కుటుంబం అక్కడినుంచి వెళ్ళిపోయింది. ఆమె పేరు తాను అడగలేదని లాంగ్ తర్వాతి కాలంలో రాసుకుంది. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న పేరు లోకానికి తెలిసింది 1978లో, నలభై రెండేళ్ళ తర్వాత. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని, తనకు దానివల్ల దమ్మిడీ రాలేదని ఆమె బాధపడింది. లాంగ్ మనసున్న మనిషి. ఆ ఫొటో వల్ల ఆకలిగొన్నవాళ్ళకు మేలే జరిగింది. అయినా ముఖం ఇచ్చిన మనిషికి జరిగిన లెక్క వేరుగా ఉండిపోయింది.

దీనికి ఎదురుగా పెట్టి చూడవలసిన కథ మన దేశంలోనే ఉంది. 1989లో దయానితా సింగ్ ఒక లండన్ పత్రిక కోసం ఢిల్లీలో హిజ్రాల ఫొటోలు తీయడానికి వెళ్ళి మోనా అహ్మద్‌ను కలిసింది. ఫొటోలు తీయించుకున్నాక, అవి లండన్‌లో అచ్చవుతాయని తెలిసి మోనా కంగారు పడింది. అక్కడ తన బంధువులున్నారు. ఫిల్ము తిరిగి ఇచ్చేయమంది. దయానిత ఇచ్చేసింది. పత్రిక పని పోయింది. వాళ్ళ స్నేహం మాత్రం ఆ రోజే మొదలై 2017లో మోనా కన్నుమూసేదాకా సాగింది. 2001లో వచ్చిన 'మైసెల్ఫ్ మోనా అహ్మద్' పుస్తకంలో ఫొటోలు దయానితవి, మాటలు మోనావి. ఒక రోజు ఫిల్మును వదులుకుంటే ఒక జీవితకాలపు ఫొటోలు వచ్చాయి. అడిగి తీసుకోవడం నాకు అప్పటికే వచ్చు. అడిగితే తిరిగి ఇచ్చేయడం కూడా ఈ విద్యలో భాగమేనని దయానిత కథ చెప్పింది.

నాకు కావలసిన మాట చివరికి టీటాగఢ్‌లో దొరికింది. సియాల్దా నుంచి లోకల్ రైల్లో ఉత్తరంగా వెళ్తే హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లుల ఊరు. మన దేశంలో మొదటి జనపనార మిల్లు 1855లో అవతలి ఒడ్డున రిష్రాలో మొదలైంది. తర్వాత రెండు ఒడ్డుల వెంటా మిల్లులు లేచాయి. బీహారు నుంచీ ఒడిశా నుంచీ వచ్చినట్టే, గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువాళ్ళూ వచ్చి ఆ మిల్లుల్లో చేరారు. ఆడవాళ్ళూ పనిచేశారు. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. మిల్లు గోడ పక్క సందులో నడుస్తుంటే వెనకనుంచి, "ఒలే, ఆ గిన్ని ఇటట్రాయే" అన్న కేక వినబడింది. కలకత్తా పొలిమేరలో మా ఊరి వీధి యాస. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది ఒక ముసలమ్మ. తెలుగులో పలకరించగానే చేట పక్కన పెట్టేసింది. "ఏటమ్మా, తెలుగోలా? ఏ వూరు మీది?" విజయనగరం అన్నాను. "మా మావోలు సోంపేట కాడినుంచొచ్చేరు. నాను పుట్టింది ఈడే" అంది. ఆవిడ మిల్లులో పనిచేసి దిగిపోయిన మనిషి. నీళ్ళిచ్చింది, ఎవరి పిల్లవని అడిగింది, పెళ్ళైందా అని అడిగింది. ముఖం నిండా గీతలు. పక్కనుంచి పడే సాయంకాలపు వెలుతురులో ప్రతి గీతా దున్నిన చాలులా కనిపిస్తోంది. ముఖం ఒక్కటే, నిలువెల్లా ఫ్రేము నింపి తీయాలని నా చెయ్యి తహతహలాడింది. "మామ్మా, ఇలాగే ఉండు, ఒక ఫొటో తీస్తాను" అన్నాను.

"ఇలగే ఫొటో దిగిపోతానేటి? ఉండు తల్లీ, సీర మార్సుకొస్తాను" అంది ఆవిడ.

లోపలికి వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. దిగడం. పుట్టినప్పటినుంచీ విన్న మాట. పెళ్ళిలో ఫొటో దిగాం, తిరుపతిలో ఫొటో దిగాం. మన భాషలో ఫొటో తీసేవాళ్ళు తీస్తారు, తీయించుకునేవాళ్ళు దిగుతారు. ఏటిలోకి దిగినట్టు, పొలంలోకి దిగినట్టు, రంగంలోకి దిగినట్టు. ఎవరైనా తోసేస్తే అది దిగడం అవదు. దిగేవాళ్ళు ముందు లోతు చూసుకుంటారు, కుచ్చిళ్ళు సర్దుకుంటారు, తమ పాదం తామే పెడతారు. మాస్టర్‌మొశాయ్ బల్ల మీది రెండు కట్టలు కళ్ళముందు కనబడ్డాయి. పెద్దది నేను తీసినవి. చిన్నది వాళ్ళు దిగినవి.

ఆవిడ ముదురాకుపచ్చ నేత చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. చేతిలో ఫ్రేము కట్టిన భర్త ఫొటో. మెడ నిటారుగా పెట్టి నిలబడింది. నేను ముఖానికి దగ్గరగా వస్తుంటే ఆపింది. "కాళ్ళు పడతన్నాయా? కడియాలు రావాల" అంది. కిందికి చూశాను. రెండు కాళ్ళకూ లావుపాటి వెండి కడియాలు. మిల్లు జీతంలో దాచుకుని తన డబ్బుతో తను చేయించుకున్నవట. అత్తింటివాళ్ళు పెట్టినవి కావు, పుట్టింటివాళ్ళు పెట్టినవి కావు. వెనక్కి జరిగాను. నాలుగడుగులు జరిగితే గానీ కడియాలు ఫ్రేములోకి రాలేదు. వాటితోపాటు గుమ్మం వచ్చింది, మిల్లు గోడ వచ్చింది, చేట వచ్చింది, చేతిలోని భర్త వచ్చాడు. నేను తీయాలనుకున్న ఫొటోలో ఉండేది ముడతలు. ప్రపంచంలో ఏ ముసలమ్మకైనా ఉండేవి. ఆవిడ దిగిన ఫొటోలో ఒక మిల్లు కార్మికురాలి సంపాదన, ఆమె సంసారం, ఆమె ఇల్లు ఉన్నాయి. డాక్యుమెంటరీ అన్న మాటకు అర్థం ఒక మనిషి బతుకును పత్రంలా భద్రపరచడమే అయితే, ఏది భద్రపరచాలో నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

అంతకుముందు నేను నమ్మిన సిద్ధాంతం వేరు. చెప్పకుండా, వాళ్ళు చూడనప్పుడు తీసిందే నిజమనీ, సర్దుకుని నిలబడితే అది నటన అనీ అనుకునేదాన్ని. జర్మనీలో ఆగస్ట్ శాండర్ తీసిన ఫొటోలను టీటాగఢ్ నుంచి వచ్చాక మళ్ళీ చూశాను. సైకిలు మీద వెస్టర్‌వాల్డ్ పల్లెలకు వెళ్ళి రైతులను తీసిన మనిషి ఆయన. 1914లో తీసిన ఫొటోలో ముగ్గురు పల్లె కుర్రాళ్ళు మట్టి బాట మీద ఆగి వెనక్కి తిరిగి చూస్తారు. నాట్యానికి వెళ్తున్నారు. సూట్లు, టోపీలు, చేతికర్రలు. ఆ కుర్రాళ్ళు తమను ఎలా చూడమంటున్నారో అలా నిలబడ్డారు, ఆ నిలబడటంలోనే ఆ కాలం మొత్తం కనబడుతుంది. ఆయన 1929లో అరవై ముఖాలతో ఒక పుస్తకం వేస్తే, 1936లో నాజీలు దాని అచ్చు పలకలను ధ్వంసం చేశారు. మనుషులు ఎవరికి వాళ్ళుగా, తమ తమ గౌరవంతో నిలబడ్డ ఫొటోలు వాళ్ళకు గిట్టలేదు. మన హైదరాబాదులోనూ ఇలాంటి జాడ ఒకటి ఉంది. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. మగవాళ్ళ కంట పడకుండా లోపలికి వచ్చి, ఒక ఆంగ్ల మహిళ నడిపే ఆ స్టూడియోలో స్త్రీలు తమకు నచ్చినట్టు ఫొటో దిగేవారు. లోకం చూడకూడదన్న ముఖాన్ని తమ ఇష్టంతో తాము భద్రపరచుకోవడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు.

అన్ని ఫొటోలూ ఇలాగే తీయాలంటే కుదరదని నాకు తెలుసు. ఈ కలకత్తా వీధుల్లోనే 1943 కరువులో ఆకలితో పడిపోయినవాళ్ళను సునీల్ జానా ఫొటోలు తీశాడు. లక్షల మంది చచ్చిపోతున్నప్పుడు చీర మార్చుకుని రమ్మని ఎవరిని అడగగలం? దిగే ఓపిక లేనివాళ్ళు వాళ్ళు. అక్కడ ఫొటోగ్రాఫరు సాక్షి. తీయకపోతే ఆ చావులు లేవని బుకాయించేవాళ్ళుంటారు. ఆ పని చేసినవాళ్ళ ముందు తలవంచుతాను. కానీ కరువు లేని రోజున, తన గుమ్మంలో తను కూర్చున్న మనిషిని కూడా కరువు ఫొటోలా తీయడం మనకు అలవాటైపోయింది. పేదవాళ్ళంటే తెలియకుండా తీయవలసినవాళ్ళు, ఉన్నవాళ్ళంటే కుర్చీ వేసి తీయవలసినవాళ్ళు అన్న భేదం కెమెరాల్లో పాతుకుపోయింది. నా పెద్ద కట్ట నిండా ఉన్నది ఆ భేదమే.

ఆ వారం మాస్టర్‌మొశాయ్‌కి ముసలమ్మ ఫొటో చూపించి, నాకు మాట దొరికిందన్నాను. తెలుగులో ఫొటో తీయించుకోవడాన్ని దిగడం అంటామని, అంటే మెట్లు దిగడం, నీళ్ళలోకి దిగడం అని వచ్చీరాని హిందీలో చేతులూపుతూ చెప్పాను. "నామా?" అన్నారు. బెంగాలీలో దిగడానికి మాట అది. "జలే నామా," నీళ్ళలోకి దిగడం, అని తనలో తను అనుకున్నారు. లేచి వెళ్ళి పాత పరదా ముందు నిలబడ్డారు. రంగులతో వేసిన చెరువు, చెరువులోకి మెట్లు. యాభై ఏళ్ళుగా జనం ఆ మెట్ల ముందే కూర్చుని ఫొటోలు దిగారు. "మేము ఎత్తుతాం, మీరు దిగుతారు" అన్నారు ఆయన. చిన్న కట్టను ఒక కవర్లో పెట్టి, దాని మీద నా చేత తెలుగులో 'దిగినవి' అని రాయించి, అక్షరాలను వేలితో తడిమి చూసి అరలో పెట్టారు.

ప్రింటు ఇవ్వడానికి నెలలోపే టీటాగఢ్ వెళ్ళాను. ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల పొడుగు. ఆవిడ ముందు కడియాలు చూసుకుంది, తర్వాత భర్తను చూసింది, ఆఖర్న తన ముఖం చూసుకుంది. మనవడితో గోడకు మేకు కొట్టించింది. దేవుడి పటాల పక్కన కొట్టించి, "నాను పోయినాక దండేసుకోడానికి సిద్ధంగుంది" అంది తృప్తిగా. ఆ మాట విన్నాక నాకు రైల్లో మా మామ్మ గుర్తొచ్చింది.

మా మామ్మ పోయినప్పుడు ఫ్రేము కట్టించడానికి ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ కెమెరా కనబడితే కొంగు అడ్డం పెట్టుకునేది. నేను కెమెరా కొన్నాక దాక్కుని రెండు మూడు తీశాను. అన్నింట్లోనూ కొంగే ఉంది. చివరికి ఆధార్ కార్డులో ఉన్న ముఖాన్ని పెద్దది చేయించాం. గోడ మీద ఆవిడ ఎవరో చెప్పినట్టు గడ్డం ఎత్తి, భయంగా, ఎదుట ఉన్న యంత్రం వైపు చూస్తుంటుంది. ఆ ఫొటో ఆవిడ దిగింది కాదు, ఆవిడ దగ్గర తీసుకున్నది. ఎలా దిగాలని ఉందో, చేతిలో ఏం పట్టుకోవాలనుందో నేను ఒక్కసారైనా అడిగి ఉంటే కొంగు తొలగి ఉండేదేమో.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. అమ్మ పెరట్లో బోగుణీ తోముతోంది. పొద్దుటి ఎండ బాదం చెట్టు ఆకుల్లోంచి ఆవిడ భుజం మీద పడుతోంది. కెమెరా తీశాను. "ఉండవే, ఇలాగా? చీర మార్చుకొస్తాను" అంది. ఎన్నోసార్లు ఆవిడ ఆ మాట అంటే, "వద్దమ్మా, ఇలాగే సహజంగా బాగుంది" అని కసురుకుని తీసేసినదాన్ని.

సరేనన్నాను. నీడ మొదలయ్యే చోట, అరుగు అంచున ముక్కాలి పీట వేసి, చెంప మీదికి వెలుతురు ఎంత వస్తుందో నా చెయ్యి పెట్టి చూసుకుని కూర్చున్నాను. లోపల బీరువా తలుపు తెరుచుకున్న చప్పుడైంది. చాలాసేపటిదాకా మూసుకోలేదు. ఏ చీరో ఎంచుకుంటోంది. ఎండ మెల్లగా అరుగు దిగిపోతోంది. నేను పీటను దానితోపాటు జరుపుకుంటూ ఉన్నాను.